అమరికల పాఠం, అర్థనిర్ణయం: ఫోర్ట్రాన్ డేటా ఎసిమిలేషన్ సాఫ్ట్‌వేర్‌పై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

వాతావరణ, సముద్ర శాస్త్రాలలో వాడే డేటా ఎసిమిలేషన్ సాఫ్ట్‌వేర్‌లో అధికభాగం ఫోర్ట్రాన్ భాషలో ఉంది. ప్రయోగం ఎలా నడవాలో నిర్ణయించేది ఆ ప్రోగ్రాముతో పాటు ఇచ్చే అమరికల ఫైలు. పరిశోధన పత్రంలో సమీకరణాలు అచ్చవుతాయి; ఆ సమీకరణాలు ఏ విలువలతో, ఏ మినహాయింపులతో అమలయ్యాయో అమరికల ఫైలులోనే ఉంటుంది. ఈ ఫైలును ఒక పాఠంగా గ్రహించి, వాక్యార్థ జ్ఞానానికి మన శాస్త్రకారులు చెప్పిన ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, తాత్పర్యం అనే నాలుగు కారణాల ఆధారంగా డార్ట్, జీఎస్ఐ, డబ్ల్యూఆర్ఎఫ్‌డీఏ, ఎల్ఈటీకేఎఫ్, జేడీ అనే వ్యవస్థల అమరికల నిర్వహణను ఈ వ్యాసం విమర్శిస్తుంది. లోపం నేమ్‌లిస్ట్ అనే పాత రూపంలో లేదనీ, చెప్పకుండా వదిలిన విలువలకు బాధ్యత ఎవరిదో తేల్చకపోవడంలో ఉందనీ నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ఫోర్ట్రాన్, నేమ్‌లిస్ట్, డేటా ఎసిమిలేషన్, అమరికలు, డిఫాల్ట్ విలువ, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, తాత్పర్యం.

1. ఉపోద్ఘాతం:

వాతావరణ నమూనా ఇచ్చిన స్వల్పకాలిక అంచనాను, ఉపగ్రహాలు, ఓడలు, బెలూన్లు, భూతల కేంద్రాలు పంపిన పరిశీలనలతో కలిపి, రెండింటి దోషాల పరిమాణాన్ని బట్టి తూకం వేసి, ప్రస్తుత స్థితికి ఒక మెరుగైన చిత్రాన్ని సిద్ధం చేయడమే డేటా ఎసిమిలేషన్. తరువాతి అంచనా ఆ చిత్రం నుంచే మొదలవుతుంది. తూకం ఎలా వేయాలో గణితం చెబుతుంది. అయితే ఒక పరిశీలన ఎంత దూరం వరకు ప్రభావం చూపాలి, ఏ పరిశీలనను తిరస్కరించాలి, ఎన్సెంబుల్‌లో ఎన్ని నమూనాలుండాలి, వాటి వ్యాప్తిని ఎంత పెంచాలి అనే ప్రశ్నలకు గణితం ఒక్కటే సమాధానం ఇవ్వదు. అవి ప్రయోగకర్త నిర్ణయాలు. ఆ నిర్ణయాలు నమోదయ్యే చోటు అమరికల ఫైలు.

ఈ విషయం తెలుగు నేలకు దూరమైనది కాదు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, హిందూ మహాసముద్ర స్థితిని అంచనా వేయడానికి రోమ్స్ అనే ఫోర్ట్రాన్ సముద్ర నమూనాను, ఎల్ఈటీకేఎఫ్ అనే ఎన్సెంబుల్ పద్ధతిని జతచేసి వాడింది. బంగాళాఖాతపు తుపానుల గురించి, తీరంలోని అలల గురించి చెప్పే ప్రతి అంచనా వెనుక ఇటువంటి ఫైలు ఒకటి ఉంటుంది. అయినా సాఫ్ట్‌వేర్ చర్చలలో ఈ ఫైలు ఒక సాంకేతిక అవసరంగానే మిగిలిపోయింది. విమర్శకు అర్హమైన పాఠంగా దానిని చూడడం అరుదు.

వాక్యంలోని పదాలు కలిసి అర్థాన్నివ్వడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అవసరమని, వాటికి తోడు వక్త తాత్పర్యం తెలియాలని న్యాయ, మీమాంసా శాస్త్రాల చర్చ. అలంకారశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ ఇవి పరిచితమే. అమరికల ఫైలు కూడా ఒక వాక్యసముదాయమే. దానికి ఇద్దరు పాఠకులు: కంపైలరు రూపొందించిన యంత్రసంకేతం ఒకరు, ఫలితాన్ని పరీక్షించే పరిశోధకుడు మరొకరు. మొదటి పాఠకుడికి అర్థమైనది రెండవ పాఠకుడికి అర్థం కాకపోవడమే ఇక్కడి సమస్య.

2. నేమ్‌లిస్ట్ స్వరూపం:

నేమ్‌లిస్ట్ అనే సౌకర్యం చాలాకాలం కంపైలరు తయారీదారుల సొంత చేర్పుగా ఉండి, ఫోర్ట్రాన్ 90తో ప్రమాణంలోకి వచ్చింది. ప్రోగ్రాములో కొన్ని చరరాశులను ఒక పేరుగల గుంపుగా ప్రకటిస్తారు. ఫైలులో ఆ గుంపు పేరు ముందు & గుర్తు, చివర / గుర్తు ఉంటాయి; మధ్యలో పేరు, సమానం గుర్తు, విలువ. ఒకే ఒక్క చదువు ఆజ్ఞతో గుంపు మొత్తం ప్రోగ్రాములోకి వస్తుంది. వ్యాఖ్యలు రాసుకునే వీలు ఫోర్ట్రాన్ 95తో ప్రమాణమైంది.

ఈ రూపానికి మూడు స్వభావాలున్నాయి. మొదటిది, వరుస ముఖ్యం కాదు. రెండవది, ఒకే పేరు రెండుసార్లు వస్తే చివరి విలువే నిలుస్తుంది. మూడవది, ఫైలులో ప్రస్తావించని పేరు ప్రోగ్రాములో అప్పటికే ఉన్న విలువను అలాగే నిలుపుకుంటుంది. ఈ మూడవ స్వభావమే నేమ్‌లిస్ట్‌కు బలం, బలహీనత కూడా. వందల అమరికలున్న ప్రోగ్రామును పది పంక్తులతో నడపగలగడం దీని వల్లనే సాధ్యం. ఆ పది పంక్తులు చదివి ప్రయోగం మొత్తం తెలిసిందనుకునే భ్రమ కూడా దీని వల్లనే పుడుతుంది.

వ్యాఖ్యాతలు అధ్యాహారం అనే మాట వాడతారు. వాక్యంలో లేని పదాన్ని అన్వయం కోసం తెచ్చుకోవడం అధ్యాహారం. డిఫాల్ట్ విలువ అటువంటిదే. కాని కావ్యవ్యాఖ్యానంలో అధ్యాహారం చేసినవాడు ఆ మాట చెప్పి చేస్తాడు. సాఫ్ట్‌వేర్‌లో అధ్యాహారం మౌనంగా జరుగుతుంది. అందులోనూ ఒక చిక్కుంది: ప్రోగ్రాము కొత్త రూపం వెలువడినప్పుడు డిఫాల్ట్ మారితే, ఒక్క అక్షరం మారని ఫైలుకు అర్థం మారిపోతుంది.

3. సన్నిధి: అమరిక ఎక్కడ నివసిస్తుంది?

పదాలు విరామం లేకుండా దగ్గరగా ఉచ్చరించబడడం సన్నిధి. అమరికల విషయంలో, ఒక విలువను ప్రకటించే చోటు, అది వాడబడే చోటు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది ప్రశ్న. ఈ ప్రశ్నకు వేర్వేరు వ్యవస్థలు వేర్వేరు సమాధానాలిచ్చాయి.

అమెరికాలోని ఎన్‌కార్ సంస్థ రూపొందించిన డార్ట్‌లో ప్రతి మాడ్యూలు తన నేమ్‌లిస్ట్‌ను తానే ప్రకటించుకుని తానే చదువుకుంటుంది. వడపోత ప్రక్రియకు ఒక గుంపు, ఎసిమిలేషన్ సాధనాలకు ఒకటి, నాణ్యతా నియంత్రణకు ఒకటి, నమూనాకు ఒకటి, అన్నీ ఇన్‌పుట్.ఎన్ఎంఎల్ అనే ఒకే ఫైలులో ఉంటాయి. అమరిక అర్థం కావాలంటే ఆ మాడ్యూలు తెరిస్తే చాలు: ప్రకటన, డిఫాల్ట్, వినియోగం ఒకే చోట కనిపిస్తాయి. సన్నిధి దృష్ట్యా ఇది ఉత్తమమైన ఏర్పాటు. దీనికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. వ్యవస్థలో మొత్తం ఎన్ని అమరికలున్నాయో చెప్పగల ఒకే చోటు సంకేతంలో లేదు. ఒక ప్రోగ్రాముకు సంబంధం లేని గుంపు ఫైలులో మిగిలిపోయినా అభ్యంతరం చెప్పేవారు లేరు, ఎందుకంటే ఆ గుంపును చదవవలసిన మాడ్యూలే అక్కడ లేదు.

అమెరికా జాతీయ వాతావరణ అంచనా కేంద్రాలలో వాడిన జీఎస్ఐ దీనికి విరుద్ధమైన మార్గం పట్టింది. జీఎస్ఐమాడ్ అనే ఒక్క ఫైలులోనే సెటప్, గ్రిడ్ఆప్ట్స్, బీకేజీఈఆర్ఆర్, హైబ్రిడ్_ఎన్సెంబుల్ వంటి గుంపులన్నీ ప్రకటితమై ఉంటాయి. చరరాశులు ఇతర మాడ్యూళ్లవి. వాటిని ఇక్కడికి తెచ్చి, ఇక్కడే చదివి, మళ్లీ వాటి చోట్లకు పంపుతారు. ఆ ఫైలులో ప్రతి అమరికకు ఒక పంక్తి వ్యాఖ్య ఉండడం వల్ల అది ఒక పదసూచికగా పనిచేస్తుంది. సమగ్రత ఇక్కడ లభించింది, సన్నిధి పోయింది. అంతేకాక జీఎస్ఐకి నేమ్‌లిస్ట్ ఒక్కటే ఆధారం కాదు. ఏ ఉపగ్రహ చానల్‌ను వాడాలో, దేనిని గమనించి వదిలేయాలో శాట్‌ఇన్ఫో అనే వేరే పట్టిక చెబుతుంది. సంప్రదాయ పరిశీలనలకు కాన్వ్‌ఇన్ఫో ఉంది. నేమ్‌లిస్ట్ ఫైలును కూడా సాధారణంగా షెల్ స్క్రిప్టు అప్పటికప్పుడు రాసి పెడుతుంది. కనుక పరిశోధకుడు దాచుకోవలసిన అసలు పాఠం ఏదన్నది సందేహమే: స్క్రిప్టా, స్క్రిప్టు పుట్టించిన ఫైలా, పక్కనున్న పట్టికలా?

డబ్ల్యూఆర్ఎఫ్‌డీఏది మూడవ మార్గం. రిజిస్ట్రీ అనే పాఠ్యపట్టికలో ఒక్కొక్క అమరికకు ఒక్కొక్క పంక్తి: రకం, పేరు, గుంపు, డిఫాల్ట్. ఆ పట్టిక నుంచి ఫోర్ట్రాన్ ప్రకటనలను, డిఫాల్ట్ కేటాయింపులను మరో ప్రోగ్రాము ఉత్పత్తి చేస్తుంది. సమగ్రతను, ఏకరూపతను ఒకేసారి సాధించిన పద్ధతి ఇది. అయితే గుంపుల పేర్లు చూస్తే నిరాశ కలుగుతుంది: డబ్ల్యూఆర్ఎఫ్‌వార్1, డబ్ల్యూఆర్ఎఫ్‌వార్2 అంటూ అంకెలతో సాగుతాయి. ఏడవ గుంపులో ఏముందో పేరును బట్టి ఊహించడం అసాధ్యం. పట్టిక క్రమబద్ధంగా ఉంది గాని, అది యంత్రానికి అందించిన క్రమం.

తకెమాసా మియోషి అందుబాటులోకి తెచ్చిన ఎల్ఈటీకేఎఫ్ సంకేతంలో అనేక అమరికలు ఫైలులోనే లేవు. ఫోర్ట్రాన్ పారామీటర్ స్థిరాంకాలుగా సంకేతంలోనే ఉన్నాయి. ఎన్సెంబుల్ సంఖ్య, ప్రభావ పరిధి, వ్యాప్తి పెంపు గుణకం మార్చాలంటే మూలాన్ని సవరించి మళ్లీ కంపైల్ చేయాలి. సన్నిధికి ఇంతకంటే పరాకాష్ఠ లేదు. చదువుకునేవారికి ఈ స్పష్టత మేలు చేస్తుంది. కాని పది ప్రయోగాలు చేసినవారి దగ్గర పది అమలు ఫైళ్లు మిగులుతాయి. ఏది దేనితో నిర్మితమైందో చెప్పే పాఠం ఏదీ మిగలదు.

4. యోగ్యత: విలువకు అర్హత ఉందా?

నిప్పుతో తడుపుతున్నాడు అనే వాక్యంలో వ్యాకరణదోషం లేదు, యోగ్యత లేదు. తడిపే గుణం నిప్పుకు లేదు కనుక అర్థబోధ కలగదు. నేమ్‌లిస్ట్ వ్యాకరణాన్ని పరీక్షిస్తుంది, యోగ్యతను పరీక్షించదు. పూర్ణాంకం రావలసిన చోట అక్షరమాల వస్తే దోషం పుడుతుంది. వాస్తవ సంఖ్య రావలసిన చోట ఏ వాస్తవ సంఖ్య వచ్చినా అంగీకరిస్తుంది.

డార్ట్‌లోని కటాఫ్ అనే అమరిక దీనికి చక్కని లక్ష్యం. ఒక పరిశీలన ప్రభావం దూరంతో పాటు ఎలా తగ్గాలో ఇది చెబుతుంది. గాస్పరి, కోన్ 1999లో ప్రకటించిన ప్రమేయంలో ఇది సగం వెడల్పు. ప్రభావం పూర్తిగా సున్నా అయ్యేది దీనికి రెట్టింపు దూరంలో. గోళాకార భూమిపై ప్రమాణం రేడియన్. కటాఫ్ 0.2 అంటే, భూమి వ్యాసార్ధం 6371 కిలోమీటర్లుగా తీసుకుంటే, సగం వెడల్పు సుమారు 1274 కిలోమీటర్లు. ప్రభావం సుమారు 2548 కిలోమీటర్ల వద్ద ముగుస్తుంది. అదే 0.2ను లోరెంజ్ 96 అనే 40 చరరాశుల అభ్యాస నమూనాలో రాస్తే, అక్కడ వలయం చుట్టుకొలత 1 కనుక, సగం వెడల్పు 8 చరరాశుల దూరం.

సైంధవం తెమ్మంటే భోజనవేళ ఉప్పు, ప్రయాణవేళ గుర్రం. సందర్భం తెలిసిన సేవకుడు పొరపడడు. కటాఫ్ చదివే యంత్రం కూడా పొరపడదు. ఎంచుకున్న స్థాన మాడ్యూలును బట్టి అది అర్థం చేసుకుంటుంది. పొరపడేది రాసేవాడు. డిగ్రీలనుకుని 2 అని రాస్తే, సగం వెడల్పు 2 రేడియన్లు అవుతుంది. ప్రభావం ముగియవలసిన 4 రేడియన్ల దూరం భూగోళంపై ఏ రెండు బిందువుల మధ్యా లేదు. అంటే విశాఖపట్నంలోని ఒక పరిశీలన భూగోళమంతటినీ సవరించే అవకాశం పొందుతుంది. ప్రోగ్రాము ఆగదు, హెచ్చరించదు. ఫలితం చెడిపోయినప్పుడు కారణాన్ని నమూనాలోనో పరిశీలనలలోనో వెదకడం జరుగుతుంది.

వ్యవస్థల మధ్య పోలికలో ఈ చిక్కు మరింత పెరుగుతుంది. మియోషి సంకేతంలో ప్రభావ పరిధిని గాసియన్ వ్యాప్తిగా మీటర్లలో ఇస్తారు. ప్రభావాన్ని ఆపివేసే దూరం దానికి 10/3 యొక్క వర్గమూలాన్ని, ఆపై 2ను గుణించగా వచ్చేది, అంటే సుమారు 3.65 రెట్లు. కనుక పరిధి 400 కిలోమీటర్లు అని రెండు పరిశోధన పత్రాలు చెబితే, ఒకదానిలో ప్రభావం 800 కిలోమీటర్ల వద్ద, మరొకదానిలో సుమారు 1460 కిలోమీటర్ల వద్ద ముగియవచ్చు. రెండూ సత్యమే చెప్పాయి. అయినా ఆ ఒక్క సంఖ్య ఆధారంగా రెండింటినీ పోల్చిన పాఠకుడు తప్పుదారి పడతాడు.

అదే సంకేతంలో వ్యాప్తి పెంపు గుణకానికి ఉన్న నియమం మరీ విచిత్రమైనది. విలువ ధనాత్మకమైతే అంతటా ఒకే స్థిర గుణకం. రుణాత్మకమైతే గుణకాలను స్థలాన్ని బట్టి ఫైలు నుంచి తెచ్చుకోవాలి. ఒక చిన్న గీత పద్ధతినే మార్చేస్తుంది. రుణాత్మక గుణకానికి భౌతికార్థం లేదు కాబట్టి ఆ ఖాళీని సంకేతకర్త వేరే పనికి వాడుకున్నాడు. పొదుపుగా ఉన్నా, ఇది పాఠాన్ని సంకేతభాషగా మార్చే పొదుపు. డార్ట్‌లోని ఇన్‌ఫ్ ఫ్లేవర్ అమరికలో 0, 2, 3, 4, 5 అనే అంకెలు, డబ్ల్యూఆర్ఎఫ్‌డీఏలోని సీవీ ఆప్షన్స్‌లో 3, 5, 6, 7 అనే అంకెలు ఈ కోవలోవే. వీటిలో 3 కంటే 5 ఎక్కువ కాదు. ఇవి సంఖ్యలు కావు, పేర్లు. పేరుకు బదులు సంఖ్య రాయించడం పాఠకుడిని ప్రతిసారీ నిఘంటువు దగ్గరకు పంపడమే.

5. ఆకాంక్ష: ఒక అమరిక మరొకదానిని కోరుతుందా?

ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరుసగా పలికితే వాక్యం కాదు. ఒక పదం మరొక పదాన్ని కోరుకోవడం లేదు. అమరికలు ఇందుకు భిన్నంగా పరస్పరం గాఢంగా కోరుకుంటాయి. ఆ కోరికను వ్యక్తం చేసే సాధనం నేమ్‌లిస్ట్‌లో లేదు. అందులో ప్రతి పంక్తి స్వతంత్రంగా కనిపిస్తుంది.

డార్ట్‌లో వ్యాప్తి పెంపు తొలి విలువకు ఒక అమరిక ఉంది. ఆ తొలి విలువను పాత ఫైలు నుంచి తెచ్చుకోవాలా వద్దా అనేదానికి మరో అమరిక ఉంది. రెండవది అవును అయితే మొదటి దానిలో రాసిన విలువకు పని లేదు. ఫైలులో 1.0 అని స్పష్టంగా కనిపిస్తుంది. ప్రయోగంలో వాడినది మరొకటి. చదివిన విలువలన్నీ చిట్టాలో నమోదైనా ఈ వ్యత్యాసం తెలియదు. రాసిన విలువ, చదివిన విలువ, వాడిన విలువ అనే మూడింటి మధ్య భేదం ఇక్కడ తేటపడుతుంది. అమరికల నిర్వహణపై చర్చ మొదటి రెండింటి దగ్గరే ఆగిపోవడం పెద్ద లోటు.

కంపైల్ సమయంలోని నిర్ణయాలు మరో కోణం. డార్ట్‌లో ఏ పరిశీలన రకాలను గుర్తించాలో ప్రీప్రాసెస్ అనే ముందస్తు ప్రోగ్రాము నిర్ణయించి ఫోర్ట్రాన్ సంకేతాన్ని ఉత్పత్తి చేస్తుంది. వాటిలో ఏ రకాలను ఎసిమిలేట్ చేయాలో, ఏవి పరీక్షకు మాత్రమేనో నడిచే సమయంలో నేమ్‌లిస్ట్ చెబుతుంది. పరిశీలన ఫైలులోని దోష పరిమాణాలు మూడవ పొర. ఈ మూడు పొరలూ పరస్పర సాపేక్షాలు. నేమ్‌లిస్ట్ ఒక్కటే దాచిపెట్టి ప్రయోగాన్ని భద్రపరిచామనుకోవడం, వ్యాఖ్యానాన్ని దాచి మూలాన్ని పారేసినట్లే.

6. తాత్పర్యం: సాక్ష్యం మిగిలిందా?

వక్త ఏ అర్థాన్ని ఉద్దేశించాడన్నది తాత్పర్యం. ఫైలులో తప్పు జరిగినప్పుడు ప్రోగ్రాము ఎలా స్పందిస్తుందో, ఒప్పు జరిగినప్పుడు ఏమి రాసిపెడుతుందో అన్నదానిలో తాత్పర్యరక్షణ ఉంది.

నేమ్‌లిస్ట్ గుంపులో లేని పేరు ఫైలులో కనిపిస్తే అది దోషస్థితి. దోషసంకేతాన్ని ప్రోగ్రామరు అడిగి తీసుకుని దానిని పరీక్షించకపోతే, ప్రయోగం సాగిపోతుంది. ప్రమాణం ప్రకారం ఆ గుంపులోని విలువలు అప్పుడు అనిర్వచితాలు. అక్షరదోషం ఒక్కటి మొత్తం గుంపును అనిశ్చితిలోకి నెట్టగలదు. డార్ట్ ఈ విషయంలో ఆదర్శప్రాయంగా ప్రవర్తిస్తుంది. ప్రతి మాడ్యూలు చదువు ముగిశాక ఒక ఉమ్మడి పరీక్షా ప్రక్రియను పిలుస్తుంది. దోషముంటే చెల్లని పంక్తిని యథాతథంగా చూపి ప్రోగ్రాము ఆగిపోతుంది. చదివిన విలువలను డార్ట్_లాగ్.ఎన్ఎంఎల్ అనే ఫైలులో, డిఫాల్ట్‌లతో సహా, రాసిపెడుతుంది. మౌనంగా జరిగిన అధ్యాహారం ఇక్కడ వాచ్యమవుతుంది. జీఎస్ఐ కూడా చదివిన గుంపులను ప్రామాణిక నిర్గమంలో ముద్రిస్తుంది.

డార్ట్‌లో ఇంకొక ప్రశంసనీయమైన ఏర్పాటు ఉంది. ప్రతి పరిశీలనకూ ఫలితాల ఫైలులో ఒక నాణ్యతా సంఖ్య నమోదవుతుంది. 0 అంటే ఎసిమిలేట్ అయింది. 5 అంటే నేమ్‌లిస్ట్ ఆదేశం కారణంగా వాడలేదు. 7 అంటే అంచనాకు మరీ దూరంగా ఉన్నందున తిరస్కరించబడింది. అమరిక ప్రభావం ఇలా ఒక్కొక్క పరిశీలన స్థాయిలో సాక్ష్యంగా మిగులుతుంది.

ఈ సాక్ష్యం ఎంత విలువైనదో ఒక ఊహాత్మక ఉదాహరణ చూపుతుంది. బంగాళాఖాతంలో తుపాను వేగంగా బలపడుతోంది. ఎన్సెంబుల్ సగటు ప్రకారం ఒక చోట పీడనం 1000 హెక్టోపాస్కల్స్, వ్యాప్తి 2. ఓడ పంపిన పరిశీలన 990, దాని దోషం 1. తిరస్కరణ పరిమితి 3 అని అమరిక. రెండు దోషాల వర్గాల మొత్తం 5. దాని వర్గమూలం సుమారు 2.24, మూడు రెట్లు సుమారు 6.7. పరిశీలనకూ అంచనాకూ తేడా 10. కనుక పరిశీలన తిరస్కృతమవుతుంది. తుపాను బలపడిందని చెప్పిన ఏకైక సాక్షిని అబద్ధీకుడిగా భావించి బయటకు పంపినట్లయింది. అదే పరిమితి చెడిపోయిన పరికరాల సంఖ్యలను సాధారణ దినాలలో చక్కగా ఏరివేస్తుంది. తప్పు 3 అనే సంఖ్యలో లేదు. ఆ సంఖ్య ఎందుకు ఎంచుకున్నారో, ఎప్పుడు పునఃపరిశీలించాలో పాఠంలో ఎక్కడా లేకపోవడంలో ఉంది. 7 అనే గుర్తు ఏమి జరిగిందో చెబుతుంది. ఎందుకు అలా జరగనిచ్చారన్నది వ్యాఖ్య రాసే ప్రయోగకర్త మాత్రమే చెప్పగలడు.

7. జేడీ మార్గం: రూపం మారితే దోషం తొలగుతుందా?

అమెరికాలోని ఉపగ్రహ డేటా ఎసిమిలేషన్ ఉమ్మడి కేంద్రం నేతృత్వంలో రూపొందుతున్న జేడీ, నేమ్‌లిస్ట్ స్థానంలో యామెల్ ఫైళ్లను ప్రవేశపెట్టింది. ఉన్నత స్థాయి నిర్మాణం సి++ భాషలో, నమూనాలకు సంబంధించిన అనేక భాగాలు ఫోర్ట్రాన్‌లో ఉన్నాయి. యామెల్ చెట్టు వంటి నిర్మాణాన్ని అనుమతిస్తుంది. ఒక పరిశీలన రకం, దాని ఆపరేటరు, దాని వడపోతలు, దాని దోష నమూనా ఒకే కొమ్మ మీద ఉంటాయి. నేమ్‌లిస్ట్‌లో సమాంతర జాబితాలుగా చెదిరిపోయే విషయాలు ఇక్కడ కలిసి ఉంటాయి. ఆకాంక్ష, సన్నిధి రెండూ పాఠ్యస్థాయిలో మెరుగుపడ్డాయి. సి++ వైపు పారామీటర్స్ అనే తరగతుల ద్వారా తప్పనిసరి అమరికలు, ఐచ్ఛిక అమరికలు, డిఫాల్ట్‌లు ప్రకటించి, తెలియని పేర్లను పట్టుకునే వీలు కల్పించారు. యోగ్యత దిశగా ఇది నిజమైన ముందడుగు.

అయితే ఫోర్ట్రాన్ సరిహద్దు వద్ద పరిస్థితి మారుతుంది. యామెల్ విషయాన్ని ఫోర్ట్రాన్ భాగాలు ఎఫ్‌సికిట్ అనే గ్రంథాలయం ద్వారా అందుకుంటాయి. కావలసిన పేరును అక్షరమాలగా ఇచ్చి విలువను అడుగుతాయి. దొరకకపోతే ఆగిపోయే పిలుపు ఒకటి, దొరికిందా లేదా అని మాత్రమే చెప్పే పిలుపు మరొకటి. రెండవ పిలుపు వాడి, దొరకనప్పుడు స్థానిక విలువను నిలుపుకునే ఫోర్ట్రాన్ భాగం, నేమ్‌లిస్ట్ కాలపు మౌన అధ్యాహారాన్నే కొత్త వేషంలో కొనసాగిస్తుంది. నేమ్‌లిస్ట్ కనీసం తెలియని పేరు కనిపిస్తే దోషం ప్రకటించేది. ఒక్కొక్క పేరునే అడిగి తెచ్చుకునే పద్ధతిలో, ఎవరూ అడగని పేరు ఫైలులో ఉన్నా ఎవరికీ తెలియదు. ఆ లోటును సి++ వైపు పరీక్ష పూరించాలి. ఆ పరీక్ష ఫోర్ట్రాన్ లోపలి వరకు విస్తరించకపోతే, ఒకే అమరికకు రెండు ఒప్పందాలు ఏర్పడతాయి.

కాబట్టి నేమ్‌లిస్ట్ పాతది, యామెల్ కొత్తది అనే పోలిక విమర్శగా నిలవదు. వ్యాకరణం మారింది, వాక్యార్థ సమస్య అక్కడే ఉంది. ఏ రూపంలోనైనా చెప్పని విలువను ఎవరు పూరించారు, దానిని ఎక్కడ ప్రకటించారు అనేవే అసలు ప్రశ్నలు. డిఫాల్ట్‌లతో సహా విలువలన్నిటినీ రాసిపెట్టే డార్ట్ పాత నేమ్‌లిస్ట్‌తోనే ఆ ప్రశ్నలకు సగం సమాధానం చెప్పగలిగింది.

8. పూర్వపక్షం:

ఈ విమర్శకు ఒక అభ్యంతరం ఉంది. పరిశోధన సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు మారేది. ప్రతి అమరికకూ ప్రమాణం, హద్దు, పరస్పర నిబంధన రాస్తూ కూర్చుంటే కొత్త ఆలోచనలను పరీక్షించే వేగం పోతుంది. హద్దులు దాటడమే కొన్నిసార్లు ప్రయోగం. లోకలైజేషన్ పూర్తిగా లేకుండా నడిపి, ఏమి చెడిపోతుందో విద్యార్థికి చూపడానికి పెద్ద కటాఫ్ కావాలి.

ఇందులో సత్యముంది. హద్దులను నిషేధాలుగా రాస్తే ఆ నష్టం తప్పదు. కాని ఈ వ్యాసం కోరుతున్నది నిషేధాన్ని కాదు, ప్రకటనను. కటాఫ్ 2 రేడియన్లు, అంటే 12742 కిలోమీటర్లు. ప్రభావం ఎక్కడా సున్నా కాదు అని చిట్టాలో ఒక పంక్తి వెలువడితే ప్రయోగం ఆగదు. పొరపాటున రాసినవాడు ఆగుతాడు, కావాలని రాసినవాడు సాగుతాడు.

9. ముగింపు:

అమరికల ఫైలును పాఠంగా చదివినప్పుడు తేలిన అంశాలు ఇవి:

• సన్నిధి దృష్ట్యా డార్ట్ పద్ధతి, సమగ్రత దృష్ట్యా డబ్ల్యూఆర్ఎఫ్‌డీఏ రిజిస్ట్రీ పద్ధతి శ్రేష్ఠమైనవి. రెండింటినీ కలిపి, మాడ్యూలులోనే ప్రకటించిన అమరికల నుంచి సమగ్ర సూచికను యంత్రమే రూపొందించడం ఆచరణీయం.

• కొలత గల ప్రతి అమరిక పేరులోనే దాని ప్రమాణం ఉండాలి. పద్ధతిని ఎంచుకునే అమరికకు అంకె కాక పేరు విలువగా ఉండాలి. గుర్తును మార్చి పద్ధతిని మార్చడం విడనాడదగినది.

• రాసిన విలువలతో పాటు వాడిన విలువలను చిట్టాకెక్కించాలి. మరో అమరిక వల్ల నిరర్థకమైన పంక్తిని నిరర్థకమని ప్రకటించాలి.

• ప్రయోగాన్ని భద్రపరచడమంటే నేమ్‌లిస్ట్‌ను మాత్రమే కాక, కంపైల్ సమయపు ఎంపికలను, పట్టికలను, సాఫ్ట్‌వేర్ రూపాన్ని కలిపి భద్రపరచడం.

• యామెల్ వంటి కొత్త రూపాలు నిర్మాణాన్ని మెరుగుపరుస్తాయి. ఫోర్ట్రాన్ లోపలి డిఫాల్ట్‌లు వాటి పరీక్షకు అందనంత కాలం పాత దోషం మిగిలే ఉంటుంది.

ఎసిమిలేషన్ పరిశోధన సిద్ధాంతపత్రాలను పరీక్షించేవారు సమీకరణాల శుద్ధిని చూస్తారు. ఫలితాల పటాలను చూస్తారు. ఆ రెండింటినీ కలిపే అమరికల ఫైలును అనుబంధంగా కోరడం, దానిని చదివి ప్రశ్నించడం ఇంకా అలవాటు కావలసి ఉంది. పరిశీలన ఎందుకు తిరస్కృతమైందో, పరిధి ఎంత దూరమో, వ్యాప్తి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఫైలే చెప్పాలి. అది చెప్పలేకపోతే ప్రయోగాన్ని మరొకరు తిరిగి చేయలేరు. తిరిగి చేయలేని ఫలితాన్ని ఒప్పుకోవడానికీ ఖండించడానికీ ఆధారం ఉండదు.